గ్లాస్గో నుంచి ఏం తెచ్చావు?

మిల్లు సైరను, అక్కడి వాళ్ళ మాటలో సంగు, పొద్దుటి షిఫ్టుకు ఊదేసరికే ఆ ఇంట్లో అందరి స్నానాలూ అయిపోయాయి. మామూలు రోజుల్లో ఆ వేళకు పెరట్లో గేదె పాలు పిండే చప్పుడు, వంటింట్లో కాఫీ గింజలు ఆడించే మర చప్పుడు తప్ప మరేమీ వినిపించవు. తిరుమలై పేపరు చదువుతూ రెండో కాఫీ అడుగుతాడు. ఆయన భార్య సుందరవల్లి ఇవ్వాలా వద్దా అని కాసేపు గొణుక్కుని చివరికి ఇస్తుంది. ఈ రోజూ కాఫీ దిగింది, పేపరూ వచ్చింది. కానీ రెంటినీ పట్టించుకునేవాళ్ళు లేరు. అందరి కళ్ళూ హాలు మధ్యలో ఉన్న పెట్టె మీదే ఉన్నాయి.

పెట్టె గ్లాస్గో నుంచి వచ్చింది. తిరుమలై తమ్ముడు లక్ష్మణన్, అతని భార్య కల్యాణసుందరి (ఇంట్లో అందరికీ కల్యాణి) నిన్న సాయంత్రం పోదనూరు జంక్షన్లో రైలు దిగారు. కూలీ ఆ పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి బండిలో పెట్టాడు. దండలు వేసే హడావిడిలో ఆ సంగతి ఎవరూ గమనించలేదు. కల్యాణి మాత్రం గమనించింది. రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేకపోవడానికి కారణం అదే.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దూరదేశం పోయి వచ్చినవాళ్ళు తమ పెట్టె తాము తెరవకూడదు. ఆ రాత్రి అది హాల్లోనే ఉండాలి. మర్నాడు పొద్దున్నే ఇంటి పెద్దావిడ తలకు పోసుకుని, దీపం వెలిగించి, తన చేత్తో మూత తీసి, లోపలివి ఒక్కొక్కటీ దీపం ముందు పెట్టి, ఎవరివి వాళ్ళకు పంచాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు కానీ, తప్పితే మాత్రం కోయంబత్తూరులో ఉన్న నాయుళ్ళందరికీ మధ్యాహ్నంలోపు తెలిసిపోతుంది.

అత్త అంగమ్మాళ్ తడి జుట్టు ముడేసుకుని వచ్చి పెట్టె ముందు కూర్చుంది. కల్యాణి పెట్టె మీద చెయ్యి వేసింది.

"అత్తా, ఈ ఒక్కసారికి నేనే తెరుస్తాను."

"ఏమే, సీమకు పోయొస్తే ఇంటి ముర, ఆచారం మరిచిపోతివా? తాళం ఇటు ఇయ్యి."

సుందరవల్లి నవ్వింది. "దానికి ఆత్రం అత్తా! ఎవరికి ఏమి తెచ్చెనో తానే చూపించాలని."

కల్యాణి తాళం ఇచ్చేసింది. ఇవ్వక ఏం చేస్తుంది?

ఆమె గ్లాస్గో పోవడమే ఒక పెద్ద కథ. అన్నదమ్ములిద్దరిదీ మిల్లు సామాన్ల అంగడి. యంత్రాలు తిప్పే బెల్టులు, నూలు చుట్టే బాబిన్లు, స్పిండిల్ నూనె, మిల్లు నడవడానికి ఏది కావాలన్నా వాళ్ళ దగ్గరే దొరుకుతుంది. గ్లాస్గోలో బెల్టులు చేసే కంపెనీ ఒకటి తమ ఏజెన్సీ ఇస్తామనీ, భార్యతో సహా వచ్చి నెల రోజులు ఉండి పని చూసుకుని పొమ్మనీ లక్ష్మణన్ను పిలిచింది. "బెల్టు బేరానికి పెండ్లాం ఎందుకురా?" అని తిరుమలై కొట్టిపారేశాడు. అప్పుడు అడ్డుపడింది అంగమ్మాళే. "వానికి ఏమి తెలుసు కొనేది? ఒక గుడ్డ తెమ్మంటే గోనె తెస్తాడు. అది పోతేనే ఇంటికి నాలుగు సామాన్లు వచ్చేది" అంది. అంతే, ప్రయాణం ఖాయమైంది. కల్యాణిని పంపింది ఊరు చూడ్డానికి కాదు, అంగడికి.

ఇక కోరికలు మొదలయ్యాయి. సుందరవల్లికి ఉన్ని శాలువా. తిరుమలైకి ఇంకుపెన్ను, క్షవరం కత్తి. పక్కింటి వాళ్ళకు కత్తెర, ఎదురింటి వాళ్ళకు బిస్కెట్ల డబ్బా, బంధువుల పిల్లలకు కళ్ళు మూసి తెరిచే బొమ్మలు. తిరుమలై ఒక సంచిలో డబ్బు పెట్టి, ముడి వేసి, అందరి ఎదుటా కల్యాణి చేతిలో పెట్టాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటి కోడలామె. ఎవరికైనా పెళ్ళయితే పోయింది, ఎవరైనా పురుడు పోసుకుంటే పోయింది, ఎవరైనా చస్తే పోయింది. ఏ పనీ లేకుండా, ఊరికే చూసి రావడానికి మాత్రం గడప దాటిన పాపాన పోలేదు.

గ్లాస్గోలో వాళ్ళకు మిసెస్ మెక్లౌడ్ అనే ముసలావిడ ఇంట్లో గది దొరికింది. లక్ష్మణన్ పొద్దున్నే బెల్టు ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ సాయంత్రమే. కల్యాణి మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషును కూడగట్టుకుని, ట్రామెక్కి, సాకీహాల్ వీధిలో దిగేది. వీధి పొడుగునా అద్దాల అంగళ్ళు. అంతస్తు మీద అంతస్తు, ఎక్కడానికి లిఫ్టు. శాలువా దగ్గర నిలబడితే మనసులో సుందరవల్లి వచ్చి నిలబడేది. గోధుమ రంగు కొంటే బూడిద రంగు ఎందుకు తేలేదంటుంది, బూడిద రంగు కొంటే నన్ను ముసలిదాన్ని చేశావా అంటుంది. పెన్ను దగ్గర తిరుమలై నిలబడేవాడు. బొమ్మల దగ్గర సరేసరి, బంధువులంతా పిల్లల్ని చంకనేసుకుని వచ్చి నిలబడేవాళ్ళు. అన్నీ చూసి పెట్టుకుని చివర్లో ఒకేసారి కొందామని, వారమంతా ఆమె ధరల చీటీలు తిప్పి చూస్తూనే ఉంది.

ఒక సాయంత్రం మిసెస్ మెక్లౌడ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ అడిగింది, మా ఊళ్ళో ఏం చూశావమ్మా అని.

"అంగళ్ళు" అంది కల్యాణి.

"ఇంకా?"

కల్యాణి కూడా ఒక దుంప తీసుకుని చెక్కు తీయసాగింది. ముసలావిడ వెక్కిరించలేదు. మీ ఊళ్ళో అంగళ్ళు లేవా తల్లీ అని మాత్రం అడిగి, దుంపల గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆ మాట కల్యాణికి చెంప ఛెళ్ళుమనిపించింది. సముద్రం దాటి వచ్చి తాను చూసింది ధరల చీటీలు! ఇంత దూరం వచ్చినా తాను ఆ హాల్లోనే, ఆ వంటింట్లోనే ఉందన్నమాట.

మర్నాడు ఆమె ఒకే ఒక్క వస్తువు కొంది. వానలో నానిన చెప్పులతో కాళ్ళు బొబ్బలెక్కాయి కాబట్టి, గట్టి గోధుమరంగు బూట్లు ఒక జత. ఇంటి డబ్బు ముట్టుకోలేదు. పాలూ పెరుగూ అమ్మి ఆడవాళ్ళు చాటుగా దాచుకునే డబ్బును ఆ ప్రాంతంలో సిరువాడు అంటారు. ఆ సిరువాడుతోనే బూట్లు కొంది, ట్రాము టికెట్లూ ఆ డబ్బుతోనే. అప్పట్నుంచి రోజూ ఊరు మీద పడింది. చివరి రోజు మాత్రం అంగళ్ళకని ఉంచుకుంది. ఆ రోజు సంచి పట్టుకుని బయల్దేరి, క్లైడ్ నది ఒడ్డున స్టీమరు కూత విని ఆగిపోయింది. నది వెంట సముద్రం దాకా తీసుకుపోయి సాయంత్రానికి తిరిగి తెస్తుందట. ఇంటిల్లిపాదీ మనసులో వరసగా నిలబడి శాలువా, పెన్ను, బొమ్మ అని అడిగారు. మీరంతా ఉండండి, నేను పోయొస్తాను అని వాళ్ళకు చెప్పి ఆమె టికెట్టు తీసుకుంది.

సామాను సర్దేటప్పుడు లక్ష్మణన్ "పెట్టె తేలిగ్గా ఉందే?" అన్నాడు.

"మోసేది మీరు కదా, తేలికైతే మీకే మేలు" అని ఆమె నవ్వేసింది. ఓడలో నవ్వు, రైల్లో నవ్వు. ఇదిగో, ఈ హాల్లోకి వచ్చేసరికి ఆ నవ్వు కాస్తా ఎటో పోయింది.

అంగమ్మాళ్ మూత తీసింది. కల్యాణి చీరలు వచ్చాయి. లక్ష్మణన్ చొక్కాలు, బెల్టు నమూనా ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత డబ్బు సంచి వచ్చింది. దాన్ని ఆవిడ చూసుకోకుండానే పక్కన పెట్టింది. అడుగున పేపరు చుట్టిన మూట ఒకటి కనబడింది.

"ఇదో, వచ్చె!" అని అంగమ్మాళ్ దాన్ని రెండు చేతులా ఎత్తి దీపం ముందు విప్పింది.

అందరూ ముందుకు వంగారు. పేపరులోంచి కల్యాణి బూట్లు బయటపడ్డాయి. మడమలు అరిగిపోయి, కుట్లలో గ్లాస్గో బురద ఎండిపోయి, పెద్దావిడ రెండు చేతుల్లో, వెలుగుతున్న దీపం ఎదురుగా.

వీధిలో ఆడవాళ్ళు చెప్పులేసుకుని పెద్దల ఎదుట నడవని కాలం అది. అలాంటిది కోడలి చెప్పులు అత్త చేతుల్లో!

"అయ్యయ్యో, ఎన్న ఇదు, ఏమి ఇది! అత్త చేత చెప్పు పట్టించెనే!" సుందరవల్లి నోరు నొక్కుకుంది.

కల్యాణి ఒక్క అంగలో వచ్చి అత్త కాళ్ళ మీద పడింది. "తప్పయింది అత్తా. అందుకే నేను తెరుస్తానంటిని. నన్ను మన్నించండి."

అంగమ్మాళ్ బూట్లు కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. మొహంలో ఏ భావమూ లేదు. "సరి, లే. మిగతా సామాన్లు ఏవి?"

"లేవు అత్తా."

"ఓడలో పోయెనా?"

"కొనలే."

తిరుమలై సంచి ఎత్తి చూశాడు. తాను వేసిన ముడి అలాగే ఉంది. అదే ఆయనకు ఎక్కువ మండించింది. "డబ్బు చాలలేదంటే ఒక మాట. ముడి కూడా విప్పలే! ఇంట్లో ఒకరికన్నా ఒక గుండుసూది కొనాలని నీకు మనసు రాలే?"

"వచ్చె బావా. వారం దినాలు అంగళ్ళే తిరిగితిని. ఇంగ తిరిగుంటే ఆ ఊరు చూడకుండానే వచ్చేసి ఉంటాను."

"నిన్ను ఊరు చూసేదానికా పంపితిమి?"

"కాదు. అది నాకు తెలుసు. నేనే చూస్తిని."

సుందరవల్లికి ఏడుపే తక్కువ. "ఒక శాలువా అడిగితిని, ఒక్క శాలువా! వీధిలో అందరికీ చెప్పుకుంటిని. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని బయటికి పోయేది?"

"అక్కా, మీకు శాలువా తేలేదని నాకు బాధే. అబద్ధం చెప్పను. కానీ అందరి శాలువాలూ పెన్నులూ కొనుంటే నాకు ఏమి మిగిలుంటాది?"

"నీకెందుకే మిగలాలి?" తిరుమలై గొంతు హాలు దాటి వీధిలోకి పోయింది. "లక్ష్మణా, ఏమిరా చూస్తా కూచుంటివి? నీ పెండ్లాం ఏమి చెప్తా ఉందో వింటివా?"

లక్ష్మణన్ అన్న ఎదుట నోరెత్తే మనిషి కాడు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. "నేను ఫ్యాక్టరీ తప్ప ఏమీ చూళ్ళే అన్నా. ఆమె చూసె. సాయంత్రం వచ్చి చెప్తా ఉండె. నాకు కూడా వినాలని ఉండె" అన్నాడు. ఆ ఇంట్లో అతను అన్నకు ఎదురుగా చెప్పిన మొదటి మాట అదే. అయితే అది మరీ నెమ్మదిగా చెప్పాడు కాబట్టి తిరుమలై విననట్టే ఉండిపోయాడు.

ఆయన కళ్ళు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడిన శివకామి మీద పడ్డాయి. కల్యాణి కూతురు, పదహారేళ్ళ పిల్ల. వచ్చే వారం బడి పిల్లల్ని మహాబలిపురం తీసుకుపోతున్నారు. ఇంటి పెద్ద సరే అని వచ్చి చెబితే తప్ప హెడ్మిస్ట్రెస్ ఏ పిల్లనూ బస్సు ఎక్కించదు. అమ్మానాన్నా వచ్చాక చూద్దామని తిరుమలై ఇన్నాళ్ళూ నానుస్తూ వచ్చాడు. ఆ పిల్ల కొత్త పావడా కూడా కుట్టించుకుని ఎదురుచూస్తోంది.

"ఇది కూడా నీ దారినే పోతాది" అన్నాడు తిరుమలై. "ఒకటి చెప్తాను విను. అమ్మ కాళ్ళ మీద పడు."

"పడితిని బావా."

"అది చెప్పులకు పడితివి. ఇప్పుడు ఊరు చూసినదానికి పడు. ఇంటి పని మాని ఊరు చూసేదానికి పోయింది తప్పు, ఇంగ అట్ల చేయను అని అందరి ముందర చెప్పు. పాప మహాబలిపురం పోతాది. చెప్పలేదా, అది ఈ వాకిలి దాటదు."

శివకామి తల్లి వైపు చూసింది. అందరూ చూశారు. ఒక్క మాట. నోటితో అనేస్తే పోయేది. పద్దెనిమిదేళ్ళలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలు ఎన్ని చెప్పలేదు, అన్నం చాలు అని, నొప్పి లేదు అని, నాకేం కోరికలున్నాయి అని! ఆమె నోరు విప్పింది కూడా. కానీ ఆ మాట చెబితే కూతురు మహాబలిపురం తప్పు చేసినట్టు పోతుంది, తప్పు చేసినట్టే తిరిగి వస్తుంది. ఈ ఇంట్లో ఆడదాని కళ్ళు ఎక్కడికి పోయినా ఎవరికో ఒకరికి లెంపలేసుకోవాలి.

"చెప్పులకు నూరుసార్లు పడతాను బావా. ఊరు చూసినందుకు పడను. అది తప్పు కాదు."

తిరుమలై పేపరు మడిచి విసిరేసి, కాఫీ తాగకుండానే అంగడికి పోయాడు. లక్ష్మణన్ అన్న వెనకాలే పోయాడు. శివకామి తల్లి దగ్గరికి వచ్చి "ఒక మాట చెప్పుంటే ఏమిమ్మా? నువ్వు అన్నీ చూసుకొస్తివి. నాకు మాత్రం లేకుండా చేస్తివి" అని గదిలోకి పోయి తలుపేసుకుంది. తిరుమలై అరిచినప్పుడు కల్యాణికి కన్నీళ్ళు రాలేదు. ఇప్పుడు వచ్చాయి.

మధ్యాహ్నం అన్నాలు ఎవరూ సరిగా తినలేదు. కల్యాణి పెరట్లో గేదెకు కుడితి కలుపుతుంటే అంగమ్మాళ్ వచ్చి రోలు పక్కన కూర్చుంది. కల్యాణి తల వంచుకునే ఉంది. ఇంకో విడత తిట్లకు సిద్ధపడింది.

"అక్కడ ఏమి చూస్తివి?" అంది అంగమ్మాళ్.

కల్యాణి తలెత్తింది. వచ్చినప్పట్నుంచీ ఏం తెచ్చావని అడిగినవాళ్ళే. ఏం చూశావని అడిగింది ఈవిడొక్కతే.

"శుమ్మా, ఊరికే చెప్పు, ఎనుముకు చెవులు లేవు."

"ఎర్రరాతి మేడ ఒకటి అత్తా, మన మిల్లు కన్నా పెద్దది. లోపల పటాలు, బొమ్మలు, పాతకాలం కత్తులు. ఎవరన్నా పోవచ్చు, ఎంతసేపన్నా ఉండొచ్చు. ఒక ఏనుగు నిలబడి ఉండె, ప్రాణం లేదు, తోలులో పొట్టు కూరి నిలబెట్టిరి. మన దేశంది. దాన్ని చూసి నాకు నవ్వు వచ్చె, మళ్ళా పాపం అనిపించె. నడి హాల్లో పైన పెద్ద వాద్యం, గొట్టాలు గొట్టాలుగా. ఒకాయన కూచుని వాయిస్తే నేల అదిరె. వానలో తడిసి వచ్చిన జనమంతా కోట్లు విప్పకుండానే కూచుని విన్నారు. నేనూ కూచుంటిని."

"ఒంటిగానా?"

"ఒంటిగానే."

"ఎంతసేపు?"

"అది ముగిసేదాకా."

"వంటకు పొద్దుపోయెనని ఎవరూ పిలవలే?"

"ఎవరూ పిలవలే అత్తా."

అంగమ్మాళ్ కొంగు సర్దుకుంది. "ఊఁ. మళ్ళా?"

కల్యాణి కుడితి చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి చెప్పుకుపోయింది. భూమి లోపల గుండ్రంగా తిరిగే రైలు గురించి చెప్పింది. ఎక్కిన చోటికే వస్తుందని తెలిసి కూడా మళ్ళీ ఒక చుట్టు తిరిగానంది. తోటలో అద్దాల ఇల్లు ఉందని, బయట చలికి పళ్ళు టకటకలాడుతుంటే లోపల మన పెరట్లో ఉన్నట్టు ఉక్కపోత, అరటిచెట్టు అని చెప్పింది. పాత చర్చి పక్కన కొండంతా సమాధులేనని, ఎక్కి చూస్తే ఊరు ఊరంతా పొగలో కనబడిందని చెప్పింది. దారం మిల్లు సంగు ఊదితే ఆడపిల్లలు గుంపుగా చేతులు కలుపుకుని పాడుకుంటూ వీధి మధ్యలో నడిచి పోయారంది.

"మొగవాళ్ళు పక్కకు జరిగిరా?"

"జరిగిరి అత్తా!"

అంగమ్మాళ్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైపోయింది. కల్యాణి హడలిపోయి దగ్గరికి వచ్చింది. ఆవిడ అలా ఏడవగా మామగారు పోయిన రోజున కూడా ఎవరూ చూడలేదు.

"నేను కాశీకి పోయొస్తిని కదా" అంది అంగమ్మాళ్, ముక్కు తుడుచుకుని. "ఈ వీధిలో పెండ్లి అయితే మొదటి అక్షింతలు నావే. కాశీ చూసిన కళ్ళు అంటారు. నువ్వు కూడా ఈ ఇంటికి వచ్చిన దినం నా కాళ్ళకు మొక్కితివి."

"ఆమా అత్తా, మొక్కితిని."

"ఈ కళ్ళు కాశీలో వంట పొయ్యిని చూసె. వేరే ఏమీ చూళ్ళే. ఇంటోళ్ళూ చుట్టాలూ కలిసి పెద్ద గుంపు పోతిమి. నేను చిన్న కోడలు. తెల్లారక ముందే చీకట్లో ఒక ముణుగు ముణిగించి సత్రానికి తెచ్చి వదిలిరి, వంట చెయ్యి, సామాను చూసుకో అని. వాళ్ళు గుడికి పోయిరి, పడవ ఎక్కిరి. నేను గంజి వారుస్తా కూచుంటిని. మిగతా పొద్దంతా ఊరోళ్ళు అడిగిన కాశీ కయిర్లు, అవే చేతికి కట్టుకునే దారాలు, గంగచెంబులు మూట కట్టేదానికే సరిపోయె. వచ్చినాక అందరూ అడిగిరి, కాశీ ఎట్ల ఉండాదని. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది విని అదే నేనూ చెప్తిని. ఇన్నేళ్ళూ అదే చెప్తా ఉండాను." ఆవిడ కల్యాణి చేయి పట్టుకుంది. "పొద్దున ఆ చెప్పులు చూస్తిని. మడమలు అరిగి ఉండె. ఇది నిజంగా నడిచి చూసొచ్చినాది అనుకుంటిని. నాకు కోపం రాలే కల్యాణీ. వయిత్తెరిచ్చల్ వచ్చె. కడుపు మండె."

కల్యాణి అత్త ఒళ్ళో తల పెట్టి తానూ ఏడ్చింది. గేదె కుడితి కోసం రెండుసార్లు అరిచి ఊరుకుంది.

సాయంత్రం అన్నదమ్ములు అంగడి కట్టేసి వచ్చేసరికి అంగమ్మాళ్ హాల్లో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. శివకామిని గదిలోంచి పిలిపించింది. సుందరవల్లిని వంట ఆపి రమ్మంది.

"తిరుమలై, రేపు బడికి పోయి హెడ్మిస్ట్రెస్‌తో సరే అని చెప్పు. పాప మహాబలిపురం పోతాది."

"అది తప్పు ఒప్పుకోలేదే అమ్మా!"

"ఏ తప్పు?"

"అదే, ఇంటి పని మాని..."

"కాశీ నీకు జ్ఞాపకం ఉండాదా?" అంది అంగమ్మాళ్.

తిరుమలైకి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. కానీ కాశీ అంటే ఆయన మొహం దానంతటదే మెత్తబడింది. "లేకుండా? చిన్నపిల్లోణ్ణి. పడవలో నాన్న భుజాన కూచుంటిని. గట్టు గట్టుకూ మెట్లు, గంటలు, దీపాలు నీళ్ళ మీద పోతా ఉండె. నువ్వు పక్కనే ఉంటివి కదా, పడతానని నా కాలు పట్టుకుని."

"అది మీ మేనత్త."

"లేదమ్మా. నువ్వే."

"నేను సత్రంలో ఉంటిని. నువ్వు పడవ దిగి వచ్చి ఆకలి అంటివి. అన్నం పెడితిని. తినుకుంటా, గంగలో దీపాలు చూస్తివా అమ్మా అని అడిగితివి. చూస్తిని సామీ అంటిని. అబద్ధం. నాకు ఆ దినం ఒక్క దీపం కూడా ఎవరూ చూపలే."

సుందరవల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తిరుమలై నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. నలభై అయిదేళ్ళుగా ఆయన తలుచుకున్నప్పుడల్లా ఆ పడవలో తల్లి ఉంది. అంత దీపాల వెలుగులో తల్లి మొహం ఆయనకు స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఇప్పుడు ఆ పడవలోంచి ఆవిడ లేచి, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.

"ఎవరూ నన్ను తప్పు అనలే, తిరుమలై. మంచి కోడలు అనిరి. నేను వాళ్ళందరికీ కాశీ కయిర్లు తెస్తిని కదా" అంది అంగమ్మాళ్. "ఇది ఎవరికీ ఏమీ తేలే. కానీ మధ్యాహ్నం పెరట్లో కూచోపెట్టి నాకు ఊరు మొత్తం చూపించె. దాన్ని నా కాళ్ళ మీద పడమంటావా? నేనే ఎవరి కాళ్ళ మీదన్నా పడి అడుగుండాల్సింది, నన్ను కూడా తీసుకుపోండి అని. నాకు అప్పుడు ధైర్యం లేకపోయె."

తిరుమలై తల్లి కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, మిల్లు మేనేజర్లతో బల్ల గుద్ది మాట్లాడే మనిషి, పైకండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేను అడగలేదే అమ్మా. ఇన్నేళ్ళు... ఒక్కసారన్నా అడగలేదే" అన్నాడు.

శివకామి మెల్లగా వచ్చి తల్లి భుజానికి తల ఆనించింది. పొద్దున అన్న మాటకు క్షమించమని అడగడం ఆ పిల్లకు చేతకాలేదు. కల్యాణి అడగనివ్వలేదు కూడా, జడ సవరిస్తూ ఉండిపోయింది.

"ఏడ్చింది పోదుం, చాలు" అంది అంగమ్మాళ్, కొడుకు తల నిమిరి. "మాసి నెలలో, శివరాత్రి నాటికి, కాశీకి పోతాము. నేను, కల్యాణి, సుందరవల్లి, పాప."

సుందరవల్లి ఉలిక్కిపడింది. "నేనుమా అత్తా? నేను కూడానా?"

"నువ్వే. ఎవరికీ ఏమీ కొనేది లేదు. పడవ ఎక్కేది, చూసేది, అంతే. తిరుమలై, నువ్వూ రా."

"నేనెందుకమ్మా? నేను చూసిందే కదా."

"అందుకే" అంది అంగమ్మాళ్. "సత్రంలో సామాను కాచేదానికి ఒకరు ఉండాలి. వంట కూడా నేర్చుకో."

సుందరవల్లికి నవ్వు ఆగలేదు. లక్ష్మణన్ అన్న మొహం చూసి, తన నవ్వు దాచుకోవడానికి వాకిట్లోకి పోయాడు. తల్లి చెప్పిన ఏ మాటకైనా ఒక అడ్డుమాట వేయనిదే ఒప్పుకోని తిరుమలై, కండువాతో కళ్ళు గట్టిగా తుడుచుకుని తల్లి మొహంలోకి చూశాడు.

"కాస్తానమ్మా" అన్నాడు. "మీరు వచ్చేదాకా నేను అన్నం తినకుండా కాచి ఉంటాను."